కొన్నాళ్లు కొచ్చిలో ఉండబోతున్నాం: ప్యాకేజీ టూరులా కాకుండా ఊరినీ, దీవుల్నీ చూసేదెలా?

గోదారి_గట్టు
ఆఫీసు వాళ్లు కాక్కనాడ్ ఇన్ఫోపార్క్‌కి పంపిస్తున్నారు. ఈ 2025 నవంబరు నెలాఖరుకి దిగితే ఏప్రిల్ దాకా అక్కడే. నేనూ, మా ఆవిడా, ఆరేళ్ల పిల్ల. సంక్రాంతికి అమ్మా నాన్నా కూడా వస్తానంటున్నారు. ఎవర్నడిగినా ఒకటే పాట. కొచ్చిలో ఏముందండీ, చైనా వలల దగ్గర ఫొటో దిగి మున్నార్ పోండి అని. ఇదివరకు అలాగే వెళ్లొచ్చాం. ట్రావెల్స్ వాడు పదకొండింటికి ఫోర్ట్ కొచ్చిలో దింపి, మిట్టమధ్యాహ్నం ఎండలో చర్చి చూపించి, మసాలా దినుసుల కొట్లో గంటన్నర కూచోబెట్టి (కమీషనెంతో మరి), మూడింటికల్లా బండెక్కించేశాడు. మేం లంకల్లో పుట్టి పెరిగినవాళ్లం, పడవంటే ప్రాణం. చుట్టూ అన్ని దీవులున్న ఊళ్లో అక్కడి జనం ఆదివారం పూట ఎటు పోతారు, ఎక్కడ తింటారు, ఏ పడవెక్కుతారు? అది చెప్పండి. మున్నార్ అనేవాళ్లు దయచేసి వేరే థ్రెడ్ చూసుకోండి.

ఓరుగల్లు_పోరడు
మున్నార్.

కాక్కనాడ్_క్యూబికల్
పోరణ్ని వదిలేయండి. నేనూ ఇన్ఫోపార్క్ బాపతే. ముందుగా కొచ్చి మెట్రో కార్డు తీసుకోండి, రైలుకీ వాటర్ మెట్రోకీ అదే పనిచేస్తుంది. వాటర్ మెట్రో 2023 ఏప్రిల్‌లో మొదలైంది. బ్యాటరీ పడవలు, ఇక్కడి షిప్‌యార్డులోనే కట్టారు. కాక్కనాడ్ నుంచి వైటిల దాకా ఒక లైను ఉంది. వైటిలలో దిగితే మెట్రో రైలు, బస్టాండు అన్నీ ఒక్కచోటే. హైకోర్టు జెట్టీ నుంచి వైపిన్, ఫోర్ట్ కొచ్చి, బోల్గాట్టి. మొన్న 2025 అక్టోబరులో మట్టాంచేరి, విల్లింగ్డన్ ఐలాండ్ టెర్మినళ్లు కూడా తెరిచారు. టికెట్టు ఇరవై నుంచి నలభై. ఒకటే మాట, కాక్కనాడ్ జెట్టీ నుంచి ఇన్ఫోపార్క్ నడిచేంత దగ్గర కాదు. ఫీడర్ బస్సో ఆటోనో చూసుకోవాలి. రోజూ పడవలో ఆఫీసుకి పోదామని కలలు కంటుంటే ముందే చెప్తున్నా.

నేవీ_బ్లూ_వైజాగ్
ఏసీ పడవలో అద్దాల ఎనక కూచుంటే అది లోకల్ ఎలాగవుద్ది గురూ? గాలి తగలని పడవా ఒక పడవేనా? సుభాష్ పార్కు పక్కనున్న ఎర్నాకుళం మెయిన్ జెట్టీకి పోండి. రాష్ట్ర జలరవాణా శాఖ పడవలు అక్కణ్నుంచే తిరుగుతాయి. నేనున్నప్పుడు ఫోర్ట్ కొచ్చికి పది రూపాయల్లోపే టికెట్టు. కిటికీకి చెక్క పలకలు, అడుగున ఇంజిను మోత, పక్కన చేపల బుట్టతో ఒకావిడ, ఎదురుగా స్కూలు పిల్లలు. సాయంత్రం అయిదున్నరకి ఎక్కితే ఎదురుగా సూర్యుడు దిగతా ఉంటాడు, ఎడంపక్కన నేవీ జెట్టీ, పెద్ద ఓడలు. సన్‌సెట్ క్రూజ్ అని మెరైన్ డ్రైవ్‌లో పిలిచి పిలిచి వందలకి వందలు గుంజేవాళ్లు చూపించేదీ అదే నీళ్లు, అదే సూర్యుడు. పాటల గోల మాత్రం ఎక్స్‌ట్రా.

కాక్కనాడ్_క్యూబికల్
ఏప్రిల్ మధ్యాహ్నం ఆ చెక్క పడవెక్కి, దిగాక చొక్కా పిండుకుంటూ ఇదే మాట మళ్లీ చెప్పండి సార్.

నేవీ_బ్లూ_వైజాగ్
చెప్తాను. వైజాగ్ ఉక్కపోతలో పెరిగినోడిని.

పప్పుచారు
ఇద్దరూ కొట్టుకోకండి. పొద్దున పాత పడవ, మధ్యాహ్నం ఏసీ పడవ. అయిపోయింది.

వైపిన్_కోడలు
మాది తెనాలి, మెట్టినిల్లు వైపిన్. మీ ప్రశ్న మా అత్తగారికి చదివి వినిపిస్తే తెగ నవ్వారు. "లోకల్ వాళ్లు ఆదివారం ఏం చేస్తారు? పొద్దున పళ్లికో (చర్చి) గుడికో పోతారు, చేపలు తెచ్చుకుంటారు, తిని పడుకుంటారు" అన్నారు. కొచ్చి ఆదివారం నిజంగా అంతే. సాయంత్రం అయిదు దాటాక పిల్లల్ని తీసుకుని బీచికి.

ఆ బీచి సంగతి. అందరూ చెరాయి అంటారు. మంచిదే, ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కాయలు (బ్యాక్‌వాటర్స్), మధ్యన సన్నటి రోడ్డు. కానీ ఆదివారం సాయంత్రం కార్లతో ఊపిరాడదు. మేం కుళుప్పిళ్లి పోతాం, చెరాయికి కాస్త ముందే వస్తుంది. సరుగుడు చెట్లు, ఖాళీ ఇసుక. పిల్లని మాత్రం నీళ్లలో లోతుకి వదలకండి, లాగేస్తుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా మా వాళ్లే దిగరు.

వైపిన్ అంటే ఇటు ఫోర్ట్ కొచ్చి ఎదురు నుంచి అటు మునంబం దాకా పాతిక కిలోమీటర్ల పొడవున్న దీవి. 1341లో పెరియార్‌కి వచ్చిన పెద్ద వరదలో మేటవేసి ఏర్పడిందంటారు. ఆ వరదకే పాత ముజిరిస్ రేవు పూడిపోయి కొచ్చి రేవు తెరుచుకుందట. 2004లో గోశ్రీ వంతెనలు వచ్చేదాకా ఊళ్లోకి వెళ్లాలంటే పడవే దిక్కు. మా ఆయన చదువుకునే రోజుల్లో ఆఖరి పడవ తప్పిపోతే ఆ రాత్రికి ఎర్నాకుళంలో చుట్టాలింట్లో పడక. అందుకే మా ఇంట్లో పెద్దవాళ్లకి పడవ మీద మీకున్నంత మోజు లేదు. వంతెనంటేనే వాళ్లకి ముద్దు.

గోదారి_గట్టు
అమ్మా, ఈ చివరి మాట మా లంక వాళ్లది కూడా. పంటు మీద పెళ్లిబృందాలు దాటిన కథలు మనం ముచ్చటగా చెప్పుకుంటాం గానీ, పురిటి నొప్పులతో రాత్రిపూట రేవులో కూచున్నవాళ్లని అడగాలి. సరే, వైపిన్‌లో బస్సులెలా ఉంటాయి?

వైపిన్_కోడలు
ప్రైవేటు బస్సులు నిమిష నిమిషానికీ ఉంటాయి, చాలావరకు హైకోర్టు జంక్షన్ దగ్గరే తిరుగుతాయి. ఎక్కగానే ఏదో ఒకటి గట్టిగా పట్టుకోండి.

సీమ_చింతకాయ
ఆ బస్సు ఒగసారి ఎక్కినా. డ్రైవరుకు, ముందు పోయే బస్సుకు ఏదో పాత పగ ఉన్నెట్టుంది. మా కర్నూలు ఆటోలు ఎంతో మేలు అనిపించింది.

బొమ్మల_కొలువు
మీరు సరైన ఏడాదే వెళ్తున్నారు. రెండేళ్లకోసారి జరిగే కళా ప్రదర్శన, బినాలె, ఈసారి 2025 డిసెంబరు 12 నుంచి 2026 మార్చి 31 వరకు. 2012లో మొదలైంది, పాత గోదాముల్లో బొమ్మలూ వీడియోలూ పెడతారు. బొమ్మలు నచ్చకపోయినా ఆ గోదాములు చూడ్డానికైనా వెళ్లండి. ఫోర్ట్ కొచ్చి ఆస్పిన్‌వాల్ హౌస్ నుంచి బజార్ రోడ్డు పట్టుకుని మట్టాంచేరి దాకా నడవండి, పొద్దున ఎనిమిదిలోపు. ఎడంపక్కన సందుల్లోంచి నీళ్లు కనిపిస్తుంటాయి. అల్లం, మిరియాలు, ఎండుమిర్చి బస్తాలు దింపుతుంటారు. ఆ ఘాటుకి తుమ్ములే తుమ్ములు.

మట్టాంచేరి ప్యాలెస్‌ని డచ్ ప్యాలెస్ అంటారు గానీ కట్టింది పోర్చుగీసులు, పదహారో శతాబ్దంలో. డచ్చివాళ్లు తరవాత బాగుచేయించారంతే. లోపల పడగ్గది గోడల మీద రామాయణం ఉంది, తీరిగ్గా చూడండి. అది శుక్రవారం మూత. పక్కనే 1568 నాటి యూదుల పరదేశి సినగాగ్, అది శనివారం మూత. మన ప్యాకేజీలన్నీ సరిగ్గా శుక్ర, శనివారాల్లోనే పోతాయి, అదేం విచిత్రమో.

నేవీ_బ్లూ_వైజాగ్
బినాలె అంటే ఖాళీ గదిలో నాలుగు తుప్పు చువ్వలు, గోడకి ఇంగ్లీషులో పేజీడు రాత. మా ఆవిడ బాగుంది అంది, నేను కుర్చీ ఎక్కడుందా అని చూశాను.

బొమ్మల_కొలువు
ఆ కుర్చీ కూడా కళాఖండమే అయ్యుంటుంది, కూచోనిచ్చారా?

నేవీ_బ్లూ_వైజాగ్
లేదు. గార్డు లేపేశాడు.

ఓరుగల్లు_పోరడు
గిది మస్తుంది 😂

పప్పుచారు
అసలు ప్రశ్న ఎవరూ అడగట్లేదు. తిండి? గోదారి_గట్టు గారూ, మీ నాన్నగారు ఎర్ర ఉప్పుడు బియ్యం తింటారా? మావాళ్లని తీసుకెళ్తే మొదటి రోజు విస్తరి చూసి "ఇవి ఉడకలేదు" అన్నారు, రెండో రోజు సంచిలోంచి ఆవకాయ తీశారు, మూడో రోజు ఇంటికి పోదామన్నారు.

కాక్కనాడ్_క్యూబికల్
ఊణు (భోజనం) అని బోర్డు ఉన్నచోట కూచున్నాక "పచ్చరి" అని అడగండి, చాలా హోటళ్లలో తెల్లన్నం విడిగా ఉంటుంది. ఎర్నాకుళంలో పాత శాకాహార హోటళ్లలో పెద్దవాళ్లకి ఇబ్బంది ఉండదు. పొద్దున పుట్టు కడల, అప్పం ఇష్టూ అలవాటైతే ఇడ్లీ గుర్తురాదు. సాయంత్రం నాలుగింటికి ఏ టీ కొట్టు ముందైనా ఆగితే వేడి వేడి పళంపొరి, నేంద్రం పండు బజ్జీ. మీ పాప దానికే పడిపోతుంది. ఎండలో తిరిగొచ్చాక కులుక్కి సర్బత్.

సీమ_చింతకాయ
చేపలు తినేటోళ్లయితే కల్లు షాపు వదలద్దు. పేరు చూసి భయపడాకండి, చానా వాటికి కుటుంబాలు పోతాయి, విడిగా గదులుంటాయి. కల్లు తాగకున్నా ఫరవాలేదు, ఎవరూ ఏమీ అనరు. కర్రపెండలం ఉడకబెట్టింది, కుడంపులి ఏసిన ఎర్రటి చేపల పులుసు. ఆ కారం చూసినాక కేరళోళ్లు చప్పిడి తింటారు అనేమాట ఇంగ నేను అనను. కరిమీన్ పొళ్లిచ్చదు అరిటాకులో చుట్టి కాల్చింది వస్తాది. రేటు ముందే అడుక్కోండి, సైజును బట్టి చెప్తారు.

వైపిన్_కోడలు
కల్లు షాపు మంచి మాటే చెప్పారు. మధ్యాహ్నం పన్నెండున్నర లోపే వెళ్లండి, రెండింటికి మంచి కూరలు అయిపోతాయి. చేపలు కొనుక్కుని ఇంట్లో వండుకునేటట్టయితే చాల (సార్డీన్), అయల (మ్యాకరెల్) చవగ్గా వస్తాయి. మనవాళ్లు పండుగప్ప, కొరమేను అని వెతుకుతూ డబ్బు తగలేస్తారు. ఇక్కడ ట్రాలింగ్ నిషేధం జూన్ 10 నుంచి జూలై 31. మీరు ఉండే కాలంలో ఆ బెడద లేదు.

నేవీ_బ్లూ_వైజాగ్
మనకేమో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14. అటు తీరం తెరిస్తే ఇటు మూస్తారు. మునంబం హార్బర్‌కి తెల్లారకముందే పోయి వేలం చూడండి. మా ఫిషింగ్ హార్బర్ గుర్తొచ్చింది నాకు, అరుపులు మలయాళంలో ఉంటాయంతే.

గోదారి_గట్టు
విల్లింగ్డన్ ఐలాండ్‌లో చూడ్డానికేమైనా ఉందా? మీరు అక్కడే ఉన్నారనుకుంటా.

నేవీ_బ్లూ_వైజాగ్
క్వార్టర్స్ అక్కడే. చూడ్డానికంటే సాయంత్రం నడవడానికి బాగుంటది. పెద్ద పెద్ద వానచెట్లు, పాత రేవు ఆఫీసులు, తుప్పు పట్టిన రైలు పట్టాలు. ఆదివారం పిట్ట కూడా ఉండదు. ఆ దీవి చాలావరకు మనుషులు చేసిందే. 1920లో రాబర్ట్ బ్రిస్టో అనే ఇంజినీరు వచ్చి, రేవు నోటికి అడ్డంగా ఉన్న ఇసుక మేట తవ్వించాడు. 1928లో పెద్ద ఓడ లోపలికి వచ్చింది. తవ్విన మట్టి ఎక్కడ పోయాలి? వెందురుత్తి అనే చిన్న దీవి పక్కన పోసి ఇంత నేల చేశారు. మా వైజాగ్ రేవు 1933లో తెరిచారు, కాలం దగ్గరదగ్గరే. అక్కడ కొండ అడ్డం కాసింది, ఇక్కడ బురద తవ్వి బతికారు. నేవీ గోడల వైపు కెమెరా ఎత్తకండి, అది మాత్రం చెప్పాలి.

గోదారి_గట్టు
కడమక్కుడి వీడియోలు చూసి మతిపోయింది. ఆదివారం పొద్దున సూర్యోదయానికి కార్లో పోదామనుకుంటున్నాం.

వైపిన్_కోడలు
ఆదివారం పొద్దున వద్దు. మీరొక్కరే కాదు, ఊరు ఊరంతా అదే వీడియో చూసింది. గట్టు మీద రెండు కార్లు ఎదురైతే ఆ దీవిలో వాళ్లు పాలకి కూడా బయటికి రాలేరు. డ్రోన్లు, పెళ్లి ఫొటోలు, చెత్త. మా ఆడపడుచు అత్తవారు అటువైపే, వాళ్ల విసుగు నాకు తెలుసు. వారం మధ్యలో సెలవు పెట్టి వెళ్లండి. బండి దూరంగా ఆపి నడవండి.

వెళ్లేది ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి ఏం చూస్తున్నారో తెలుసుకుని వెళ్లండి. అది పద్నాలుగు చిన్న దీవుల గుంపు. ఆ నీళ్లు నిండిన మళ్లు చెరువులు కావు, పొక్కాళి వరి చేలు. వానాకాలంలో పైనుంచి మంచినీళ్లు దిగి ఉప్పు కడిగేస్తాయి, అప్పుడు మట్టి దిబ్బలు చేసి వరి వేస్తారు. ఎరువుల్లేవు, మందుల్లేవు. మనిషెత్తు పెరుగుతుంది, నీళ్లలో నిలబడి కంకులు కోస్తారు. కోత అయ్యాక నవంబరులో తూము ఎత్తేస్తే పోటుకి కాయల్లోంచి ఉప్పునీళ్లూ, వాటితో రొయ్య పిల్లలూ వస్తాయి. ఏప్రిల్ దాకా రొయ్యలు. వరి దుబ్బు రొయ్యలకి మేత, రొయ్యల పెంట వరికి ఎరువు. మీరు వెళ్లేసరికి అన్నీ నీళ్లే కనిపిస్తాయి, కొంగలు మాత్రం బోలెడు.

గోదారి_గట్టు
ఇది చదివి చాలాసేపు అలా ఉండిపోయాను. మా దగ్గర చేలో ఒకసారి రొయ్యల చెరువు తవ్వితే ఇక వరి మాటే లేదు, ఆ పక్క చేనుకి కూడా ఉప్పు పట్టేస్తుంది. ఏటా వరికీ రొయ్యకీ వంతులేసుకోవడం అనేది మా రైతులకి చెప్తే నమ్మరు.

వైపిన్_కోడలు
మరీ అంత అందంగా ఊహించుకోకండి. నడుం లోతు బురదలో దిగి కోసేవాళ్లు దొరకట్లేదు. మిషను దిగదు. చాలామంది వరి మానేసి ఏడాదంతా చేపలకే వదిలేస్తున్నారు, దాని మీద ఊళ్లలో తగవులు. పొక్కాళికి 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, బియ్యానికి మంచి రేటే చెప్తారు. పండించేవాళ్లే తగ్గిపోతున్నారు. దొరికితే ఒక కిలో కొనుక్కెళ్లండి, మీ నాన్నగారు ఉడకలేదంటే మళ్లీ ఉడకబెట్టండి.

పప్పుచారు
😂😂 మా నాన్నగారి పరువు తీశారు.

సీమ_చింతకాయ
ఆయప్పది కాదు, గోదారి ఆయన నాయనది.

తెనాలి_రైలు
నదిలో పచ్చగా గుర్రపుడెక్క తేలుతోంది, పడవలు ఆగుతున్నాయి అని ఎక్కడో చదివాను. నిజమేనా?

కాక్కనాడ్_క్యూబికల్
వానలు తగ్గాక ఈ నెలల్లో ఎక్కువే ఉంటుంది. కాక్కనాడ్ కాలువలోనూ చూస్తారు, పడవలు నెమ్మదిస్తాయి. జనవరి దాటి నీళ్లు ఉప్పగా మారాక దానంతటదే చస్తుంది. అప్పుడు కొన్నాళ్లు కంపు.

బొమ్మల_కొలువు
ఉప్పు అంటే గుర్తొచ్చింది. మార్చి, ఏప్రిల్‌లో చీకటి రాత్రులు కుంబళంగి వైపు వెళ్లండి. నీళ్లలో చెయ్యి పెట్టి కదిపితే నీలంగా వెలుగుతుంది, కవరు అంటారు. నీళ్లలో ఉండే సూక్ష్మజీవులవల్ల వస్తుంది, ఉప్పు పెరిగిన ఎండాకాలంలోనే కనిపిస్తుంది. వెన్నెల రాత్రి వెళ్తే ఏమీ లేదు. ఫోన్లో ఫ్లాష్ వేసేవాళ్లని పక్కన పెట్టుకోకండి.

ఓరుగల్లు_పోరడు
ఒక్క మాట అడుగుత, తిట్టకుండ్రి. చైనా వలలు చూడొద్దంటరా? మా అమ్మకు గవి చూడాల్నని ఉంది.

నేవీ_బ్లూ_వైజాగ్
చూడమని చెప్పు. ఫోర్ట్ కొచ్చిలో "రండి, లాగండి" అని పిలిచి తరవాత డబ్బులడుగుతారు. ఎంతో కొంత ఇవ్వాలని ముందే అనుకుని వెళ్తే గొడవుండదు. వల దిగి లేవడానికి పోటు బాగుండాలి, మధ్యాహ్నం పూట ఊరికే వేలాడతా ఉంటాయి.

వైపిన్_కోడలు
లేదంటే రో-రో ఎక్కి ఇటు మా వైపిన్‌కి దాటేయండి. కార్లు, స్కూటర్లు, మనుషులు అన్నీ ఒకే బల్లకట్టు మీద, అయిదు నిమిషాల్లో ఒడ్డు. ఇవతల ఒడ్డున కూడా వలలున్నాయి, అడిగేవాళ్లు తక్కువ. పెద్దావిడ కూచోడానికి గట్టు ఉంది. దార్లో వల్లార్‌పాడం పళ్లి చూపించండి. అక్కడ మొక్కు ఏంటంటే చీపురు పట్టి చర్చి వాకిలి ఊడవడం. హిందువులూ ఊడుస్తారు, మా అత్తగారు కూడా.

ఓరుగల్లు_పోరడు
మా అమ్మ పోయినకాడల్లా ఊడుస్తది. గిది ఆమెకు మంచిగ నప్పుతది.

గురుస్వామి_గుంటూరు
స్వామి శరణం. ఏటా మాల వేసుకుని ఎర్నాకుళంలో దిగేవాళ్లం, గుళ్ల గురించి నేను చెప్తాను. సుభాష్ పార్కు దగ్గరే ఎర్నాకుళత్తప్పన్, శివుడు. మగవాళ్లు చొక్కా విప్పాలి, పంచె తీసుకెళ్లండి. మట్టాంచేరి చెర్లాయిలో గోవా నుంచి వచ్చిన కొంకణీ వాళ్ల తిరుమల దేవస్వం ఉంది. అక్కడ స్వామి మన వెంకటేశ్వరుడే. మీ అమ్మగారికి చెప్తే అప్పటిదాకా చూసినవన్నీ పక్కన పెట్టేస్తారు. మెట్రో ఆఖరి స్టేషను త్రిప్పూణిత్తుర, దిగి పూర్ణత్రయీశ గుడికి వెళ్లండి. వృశ్చికోత్సవం ఈ రోజుల్లోనే వస్తుంది, ఎనిమిది రోజులు. రాత్రి చెండ మేళం మొదలైతే కొచ్చి జనం పని మానేసి నిలబడతారు. మీరడిగిన లోకల్ అదే.

గోదారి_గట్టు
ఇది ఎవరూ చెప్పలేదు, థాంక్స్ గురుస్వామీ. డిసెంబరు 31కి ఫోర్ట్ కొచ్చిలో పాప్పాంజి తగలబెడతారట కదా, పాపతో వెళ్లొచ్చా?

వైపిన్_కోడలు
వద్దు. పెద్ద గడ్డి ముసలాయన, అర్ధరాత్రి మంట, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఇసకేస్తే రాలని జనం. తిరిగి రావడానికి పడవా బస్సూ దొరక్క తెల్లారేదాకా రోడ్డు మీదే. ముందు రెండు మూడు రోజులు సాయంత్రం పూట వెళ్తే వీధుల్లో చిన్న చిన్న పాప్పాంజీలు నిలబెట్టి ఉంటాయి, దీపాలుంటాయి. పిల్లలకి అదే బాగుంటుంది.

గురుస్వామి_గుంటూరు
ఇంకో ముఖ్యమైన సంగతి. అమ్మానాన్నలు సంక్రాంతికి వస్తారన్నారు. అది మకరజ్యోతి సమయం. శబరి ఎక్స్‌ప్రెస్ గానీ, రాజమండ్రి మీదుగా వచ్చే ధన్‌బాద్–అలెప్పీ (మనవాళ్లు బొకారో అంటారు) గానీ మాల వేసినవాళ్లతో కిటకిటలాడుతుంది. అరవై రోజుల ముందు బుకింగ్ తెరుస్తారు, అంటే ఇప్పుడే. రేపు పొద్దున ఎనిమిదికి కూచోండి.

గోదారి_గట్టు
మా ఊరికి బొకారోనే దారి. నాన్నకి లోయర్ బెర్త్ కావాలి, సీనియర్ సిటిజన్ కోటాలో చూస్తా.

నేవీ_బ్లూ_వైజాగ్
ఇద్దరికీ ఒకే టికెట్టు మీద చెయ్. ఇద్దరు పెద్దోళ్ల దాకా కోటా పనిచేస్తది, పిల్లల్ని కలిపితే పోద్ది.

కాక్కనాడ్_క్యూబికల్
దిగేది ఎర్నాకుళం జంక్షన్, అంటే సౌత్. శబరి అయితే టౌన్, అంటే నార్త్. పెద్దవాళ్లకి కాగితం మీద రాసివ్వండి. రెండు చోట్లా మెట్రో స్టేషన్ నడకలోనే ఉంది. ఆటో వాళ్లతో బేరం అక్కర్లేదు.